పెద్దాయన్ని చంపిన వేసవి

మా నాన్న మా బావతో ఏడాది పాటు మాట్లాడలేదు. ఆ మౌనం ఎలా పోయిందని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. అమ్మ దేవుడి దయ అంటుంది. అక్క తన ఓర్పు అంటుంది. అవన్నీ కబుర్లు. వీడియో గేములో ఒక రాక్షస జంతువు పుణ్యాన పోయింది. ఆ సమయంలో నేనక్కడే ఉన్నాను. సగం రిమోట్ నా చేతిలోనే ఉంది.

గొడవ ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి. అక్క ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునేది. బావ తన తమ్ముణ్ణి చేర్పించడానికి అక్కడికి వచ్చాడు. తమ్ముడు నెల తిరక్కుండా చదువు మానేశాడు గానీ బావ రావడం మానలేదు. చివరికి ఇద్దరూ మాకెవరికీ చెప్పకుండా పెళ్లి చేసుకున్నారు. బావ వాళ్లు తరతరాలుగా సముద్రం మీద చేపలు పట్టేవాళ్లు. చేపలరేవులో వాళ్లకి ఒక మరబోటు ఉంది. నాన్నేమో విజయనగరం అవతల పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట పుట్టి, స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికొచ్చి గాజువాకలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఇన్నేళ్లు సముద్రం పక్కన బతికినా ఆయనకి సముద్రమంటే హడల్. బీచికి తీసుకెళితే రోడ్డు మీదే నిలబడి పల్లీలు తింటాడు తప్ప ఇసుకలో కాలు పెట్టడు. తుఫాను వార్త వింటే గాజువాకలో కిటికీలు మూసేస్తాడు. అలాంటి వాడికి, నీళ్ల మీద బతికే అల్లుడు వచ్చాడు.

ఇంటికి రావద్దని మాత్రం అనలేదు. బావ వస్తే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఏదైనా చెప్పక తప్పకపోతే నాతో చెప్పించేవాడు. ఆ మనిషిని ఫ్యాను కింద కూర్చోమను, ఆ మనిషిని ఇంకో ముక్క వేసుకోమను, ఇలా. బావ రెండడుగుల దూరంలోనే ఉంటాడు, అన్నీ వినిపిస్తాయి. అయినా నేను అటు తిరిగి మళ్లీ చెప్పేదాకా కదిలేవాడు కాదు. అదేం మర్యాదో నాకిప్పటికీ అర్థం కాదు. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో నా ఉద్యోగం మాత్రం పోస్టాఫీసు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా చేసినట్టే, ప్రభుత్వం మరబోట్లని సముద్రం మీదకి వెళ్లొద్దంది. జాలర్లు చేపలు పట్టడాన్ని వేట అంటారు. వేట బందైతే బావకి ఊపిరాడదు. వలలు బాగు చేసుకున్నాడు, బోటుకి రంగులు వేయించాడు, ఇంకేమీ తోచక అక్కని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చేశాడు. లోకంలో అల్లుళ్లు అత్తారింటికి పళ్లో స్వీట్లో తెస్తారు. మా బావ ఒక చేతిలో ఎండు నెత్తళ్ల చేపల పొట్లం, ఇంకో చంకలో అట్టపెట్టె తెచ్చాడు. పెట్టెలో టీవీకి తగిలించే గేము మిషను ఉంది. పోర్టు దగ్గర, ఓడల మీద పనిచేసేవాళ్లు దించే ఫారిన్ సామాను అమ్మే కొట్లో కొన్నాడట. ఒక రిమోట్, ఒక డిస్కు. డిస్కు నిండా జపాను అక్షరాలు.

మా ఇంట్లో ఎవరికీ జపాను భాష రాదు. కాబట్టి ఏ మీట నొక్కితే ఏమవుతుందో నొక్కి తెలుసుకున్నాం. మొదటి రోజంతా ఆటలో మేం నడిపే వేటగాడు రాక్షసుల ఎదట మాంసం కాల్చుకుని తింటూ చచ్చిపోయాడు. ఆట సంగతి మెల్లగా బోధపడింది. ఊళ్లో ఒక కమ్మరి ఉంటాడు. అడవిలోకి వెళ్లి పెద్ద పెద్ద జంతువుల్ని చంపి, వాటి చర్మం, గోళ్లు, పొలుసులు కోసుకొస్తే కత్తులూ కవచాలూ చేసిపెడతాడు. ఆ కత్తితో ఇంకా పెద్ద జంతువు మీదకి వెళ్లాలి. ఒక్కో వేటకి మూడు ప్రాణాలు. మూడూ పోతే ఉత్త చేతులతో ఇంటికి రావాలి.

ఉన్నది ఒకే రిమోట్. వంతులు వేసుకుంటే దెబ్బలాట అయింది. నువ్వు చచ్చే చావు నేను చూడలేకపోతున్నానని నేను, నీకంటే నయమేనని తను. చివరికి బావే తీర్పు చెప్పాడు.

"సుక్కాని నా కాడ, వల నీ కాడ. బోటు మీద ఇద్దరు సెయ్యట్లేదేటి మరదలా?"

అంటే రిమోట్ ఎడమ సగం ఆయనది, వేటగాణ్ణి నడిపించడం ఆయన పని. కుడి సగం నాది, కత్తి దూయడం, కొట్టడం, కోయడం నా పని. ఇద్దరం చాప మీద భుజం భుజం ఆనించుకుని ఒకే రిమోట్ పట్టుకుని కూర్చునేవాళ్లం. ఆయన పారిపోతుంటే నేను కొట్టేదాన్ని, ఆయన మీదకి వెళుతుంటే నేను మాంసం తీసేదాన్ని. వారం తిరిగేసరికి మాత్రం బాగానే కుదిరింది. అక్క మమ్మల్ని చూసి, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని అమ్మతో చెప్పి నవ్వేది.

ఒక్క విషయంలో మాత్రం బావతో నాకు పడేది కాదు. వాళ్ల బోటు మీద, వలలో పడ్డ తొలి చేప గంగమ్మది. అది ఎంత మంచి చేపైనా సరే దణ్ణం పెట్టుకుని తిరిగి నీళ్లలో వదిలేస్తారు. ఆ ఆచారాన్ని ఈయన టీవీలోకి కూడా తెచ్చాడు. జంతువు చచ్చాక నేను కోసిన తొలి ముక్కని, రిమోట్ మొత్తం లాక్కుని, సంచి తెరిచి కింద పారేసేవాడు. పారేసింది ఇక దొరకదు. జపాను అడవిలో గంగమ్మ ఎందుకుంటుంది బావా అని అడిగితే, నీళ్లున్నాయి కదా అనేవాడు. పోయేది పొలుసు ముక్కే కదా అని నేనూ ఊరుకునేదాన్ని.

అన్ని జంతువుల్నీ చంపేశాక ఆట అయిపోయిందనుకున్నాం. అప్పుడు వేటల కొత్త వరస ఒకటి తెరుచుకుంది. ఒక్కో వేట పక్కన, కష్టానికి గుర్తుగా, ఎర్ర నక్షత్రాలు. పాత జంతువులే, కానీ ఇప్పుడు ఒక్క దెబ్బకే మా ప్రాణం తీసేస్తున్నాయి. ఆ వరసలో ఆఖరిది ఒక మహా కాయం. మెల్లగా వచ్చేది, ఎవరినీ లెక్కచేయకుండా కూర్చునేది, చాలాసేపు ఏమీ అనేది కాదు, ఉన్నట్టుండి ఒక్క అరుపు అరిచేది. బావా నేనూ దానికి పెద్దాయన అని పేరు పెట్టుకున్నాం. ఎవర్ని చూసి పెట్టామో నాన్నకి ఈ రోజుకీ చెప్పలేదు.

కమ్మరి కొట్లో అన్నిటికంటే పెద్ద కత్తి బొమ్మ పక్కన ఒక ఎర్ర రాయి బొమ్మ ఉండేది. ఆ రాయి పెద్దాయన ఒంట్లోనే ఉంటుందని మాకు అర్థమైంది. దాన్ని తీసుకుంటే ఆట గెలిచినట్టే. బావకి మళ్లీ వేట మొదలయ్యేలోపు ఆ రాయి సంపాదించాలని ఇద్దరం పంతం పట్టాం.

రోజూ వెళ్లేవాళ్లం, రోజూ చచ్చేవాళ్లం. సరిగ్గా అప్పుడే నాన్న పేపరు కొంచెం కిందకి దిగడం మొదలైంది. ముందు కళ్లద్దాలు కనిపించేవి, తర్వాత ముక్కు. ఒకరోజు పేపరు తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు. నేను చూశాను, అక్కా చూసింది. ఎవరం పైకి అనలేదు, అంటే లేచి వెళ్లిపోతాడని. అక్క ఆ రోజంతా వంటింటి గుమ్మం వదల్లేదు. నాన్న పక్కకి చూసినప్పుడల్లా దాని మొహంలో ఆశ కనిపించేది. గేము ఎలా పోయినా పర్వాలేదు, నాన్న బావని ఒక్కసారి పలకరిస్తే చాలని అప్పుడే నాకూ అనిపించింది.

చివరికి నాన్న ఉండబట్టలేకపోయాడు.

"అది తోక లేపినాదంటే దూకుతాది. ఆ మనిసికి సెప్పు."

నిజమే. మా ఇద్దరి కళ్లూ మా చేతుల మీదే ఉండేవి, తోక సంగతి మేం చూడనేలేదు. నేను బావ వైపు తిరిగి చెప్పాను. చెప్పేలోపు పెద్దాయన దూకింది, మేం చచ్చాం. మర్నాడూ అదే వరస. నాన్న కుడికి తిప్పమనేవాడు, నేను బావా కుడికట అనేదాన్ని, అప్పటికి ఎడమకి తిప్పవలసి వచ్చేది. మా పోస్టాఫీసు ఎంత తొందరగా పనిచేసినా ఆ జంతువు ముందు పనికి రాలేదు. బావకి నాన్న మాట నేరుగా వినిపిస్తున్నా, నేను చెప్పేదాకా బొటనవేలు కదిలేది కాదు. కదిలితే మావ మాటకి తనంతట తను జవాబిచ్చినట్టట. నాకు ఇద్దరి తలలూ పట్టుకుని ఢీకొట్టాలనిపించేది.

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రానికి బావ చేపలరేవుకి వెళ్లి ఐసూ డీజిలూ ఎక్కించుకోవాలి. ఆ తర్వాత సముద్రం మీద ఎన్నాళ్లుంటాడో ఎవరికీ తెలీదు. నాన్న ఆ మధ్యాహ్నం షిఫ్టు వేరే ఆయనతో మార్చుకుని ఇంట్లో ఉన్నాడు. ఎందుకని అమ్మ అడిగితే నడుం నొప్పి అన్నాడు. నడుం నొప్పి మనిషి కుర్చీని టీవీ వైపు జరుపుకుని కూర్చున్నాడు.

మొదటి ప్రాణం నా దూకుడు వల్ల పోయింది. రెండోది పోస్టాఫీసు వల్ల పోయింది. మూడోదానికి ముందు నాన్న మళ్లీ, ఆ మనిసికి సెప్పు, అని మొదలుపెట్టాడు. నాకు తిక్క రేగింది.

"నాను సెప్పను నాన్నా. కావాలంటే నువ్వే సెప్పుకో."

 నాన్న మీసం దువ్వుకున్నాడు. పెద్దాయన గుహలోంచి బయటికొచ్చింది. అప్పుడు నాన్న బావ వైపు చూడకుండా, నా వైపూ చూడకుండా, కళ్లు టీవీ మీదే ఉంచి, గోడ మీద క్యాలెండరుతో అన్నట్టుగా చెప్పడం మొదలుపెట్టాడు. తోక లేపింది. కుడికి. ఆగు. ఇప్పుడెళ్లు. బావ కూడా తెలివైనవాడే, క్యాలెండరుకి చెప్పిన మాటలు వింటే తప్పులేదనుకున్నాడు కాబోలు, చటుక్కున తిప్పుతున్నాడు. నేను కొడుతున్నాను. నాన్న గొంతు పెరుగుతోంది. అక్క గరిటతో సహా వచ్చి వెనక నిలబడింది. చాలాసేపటికి పెద్దాయన మూలిగి, ఒక పక్కకి ఒరిగి, కూలిపోయింది.

నేను కోత మీట నొక్కాను. తొలి కోతకే ఎర్ర రాయి వచ్చింది. రిమోట్ వదిలేసి గంతులేశాను. అక్క నన్ను కావలించుకుంది. మేమటు తిరిగి ఉండగా బావ రిమోట్ తీసుకుని, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, సంచి తెరిచి, రాయిని కింద పారేశాడు. మిగిలిన కోతల్లో తోలు తప్ప ఏమీ రాలేదు. జరిగిందంతా మిషను తనంతట తనే మెమరీ కార్డులో దాచేసుకుంది, ఇక వెనక్కి తిప్పడానికి లేదు.

 లేచింది నాన్న. పేపరు ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

"ఏటల్లుడా, ఆ రాయి పారేసినావేటి? బుర్రుందా నీకు?"

అల్లుడన్న మాట మాకందరికీ వినిపించింది. నాన్నకి మాత్రం వినిపించలేదు, ఆయన కోపమంతా రాయి మీదే ఉంది.

బావ లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. "తొలి ముక్క గంగమ్మది మావా. మమ్మల్ని మళ్లా ఒడ్డుకి తెచ్చేది ఆవిడే గదా."

 నాన్న బావ మొహం వైపు చూశాడు. పెళ్లయ్యాక అంతసేపు చూడడం అదే మొదటిసారి. తర్వాత కుర్చీలో కూలబడి, ఆవిడకిచ్చింది ఆవిడ దగ్గరే ఉండనీ అని గొణిగాడు. ఎప్పుడొస్తావని అడిగాడు.

బావ అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, నేను మళ్లీ చెబుతానని చూస్తున్నాడు.

"దానికేసి సూత్తావేటి? నిన్నే అడగతన్నాను. ఎప్పుడొత్తావు?"

అక్క గరిట పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకని అందరూ అడిగితే, రాయి పోయినందుకని చెప్పాను.