వేలు ముడిచి కొట్టే మనిషి

సూర్యారావు దేన్నయినా వేలు ముడిచి కొట్టి చూడందే నమ్మడు. పుచ్చకాయైనా అంతే, కొత్త కుండైనా అంతే. సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు ఇనుప రాయి నాణ్యం చూసిన చెయ్యి అది. గోళ్ళ సందుల్లో ఎర్రదుమ్ము ఏ సబ్బుకీ లొంగదు. ఆదివారాలు, ఆ హిందీ ఊళ్ళో తనుండే శంకర్ నగర్‌లో, తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, తను చేసిన గ్రహాలు చూపిస్తాడు. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, ఈ నాలుగూ ఫ్యాక్టరీ దగ్గర ఏరుకొచ్చి గుండ్రంగా అరగదీసిన రాళ్ళు. గురుడి నుంచి అవతలి నాలుగూ బుడగల మీద కాగితం అతికించిన పెద్ద పెద్ద డొల్ల బంతులు. "కొట్టి చూడండర్రా. ఇవతలి వాటి మీద కాలు మోపడానికి నేలుంది. అవతలివి ఎంత పెద్దవైనా గాలీ మబ్బూను. దిగుతూనే ఉంటారు, నేల తగలదు" అంటాడు.

మొన్న సైన్సు ప్రదర్శనలో ఆ గ్రహాలే కనిపించాయి. తనింట్లో పిల్ల లహరికి చూపిస్తానని పట్టుకెళ్ళిన నాగబాబు, పన్నెండేళ్ళుగా ఒకే క్యారేజీలో చెయ్యి పెట్టిన స్నేహితుడు, వాటి పక్కన నిలబడి "సబ్ హమారీ లహరీ నే బనాయా, సర్" అని, అంతా తన పిల్లే చేసిందని, జడ్జీకి చెబుతున్నాడు. సూర్యారావుని చూసి తడబడను కూడా లేదు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏమనుకోకు గురూ, పిల్ల మార్కుల కోసం. నీ రాళ్ళు మొయ్యలేక థర్మోకోల్ ఉండలు పెట్టించా. రంగేస్తే ఎవరికి తెలుస్తుంది, యార్."

సూర్యారావు అలవాటు కొద్దీ వేలు ముడిచి భూమిని కొట్టాడు. అది చప్పుడైనా చెయ్యకుండా లోపలికి సొట్టపోయింది.