కర్రతో వెళ్లి గొడుగుతో వచ్చినవాడు

ఆ నవలాకారుడికి పేకాట లేదు, సిగరెట్టు లేదు, కోపం కూడా పెద్దగా లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు: అచ్చుకిచ్చినదాన్ని దిద్దకుండా వదలలేడు. తన పెళ్లి శుభలేఖను కూడా మూడుసార్లు దిద్దాడట. మూడోసారి పెళ్లికూతురి పేరు దగ్గర పెన్సిలు ఆపి చాలాసేపు ఆలోచించాడని ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. "నా అదృష్టం బాగుండి వదిలేశారు," అంటుంది.

ఆయన భార్యదేముంది, ఒక్క శుభలేఖతో బయటపడింది. అసలు పాట్లు పడ్డవాడు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలను గళ్లలోంచి ఒక్కొక్కటే ఏరి, వరసలు పేర్చి, పేజీ కట్టే మనిషి. ఒక్క మాట మారితే వరస కదులుతుంది, వరస కదిలితే పేజీ కదులుతుంది, పేజీ కదిలితే కంపోజిటరు నోరు కదులుతుంది. ఇప్పుడు అందరూ గొప్ప నవల అంటున్న ఆ పుస్తకం అచ్చవుతున్నప్పుడు ఆ నోటికి విశ్రాంతే లేదు.

"గురువుగారూ, ఏడో ప్రకరణంలో మీ కథానాయకుడి చేతిలో గొడుగన్నారు. పేర్చాను. తర్వాత కర్ర అన్నారు. మార్చాను. మళ్లీ గొడుగా?"

"కర్ర పట్టుకుంటే ముసలాడిలా ఉన్నాడు అన్నయ్యా."

"సరే, గొడుగే ఉంచేద్దాం."

"గొడుగు పట్టుకుంటే మరీ పిరికివాడిలా ఉన్నాడు. ఆలోచించి చెబుతాలే."

ఆ మాట అనేసి ప్రూఫు చంకలో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఇక వారాల తరబడి జాడ ఉండేది కాదు.

ప్రెస్సు యజమాని తల బాదుకునేవాడు. "అయ్యా, మీవాడు చేతులూపుకుంటూ వెళ్తే కొంపలంటుకుంటాయా?"

"ఏం చెయ్యమంటారు? రాయడం చేతకానివాడికి దిద్దడమే దిక్కు," అనేవాడు నవలాకారుడు. "నా పుస్తకాల్లో కాస్త బాగున్నవి నేను కొట్టేసిన పేజీలే. పాపం, అవి పాఠకుడి దాకా రావు."

తనను తాను అంతలా తిట్టుకునేవాణ్ణి ఇంకెవరు మాత్రం ఏమని తిడతారు! యజమాని కోపమంతా చివరికి కంపోజిటరు మీదే దిగేది.

ఇంతకీ కంపోజిటరుకు ఇంకో బెంగ ఉంది. మొదటి ప్రూఫు వచ్చిన రోజే యజమాని అతన్ని పిలిచి ఖరాఖండిగా చెప్పేశాడు. "చేత్తో పేర్చే పని ఈ పుస్తకంతో సరి. సీసం అమ్మేస్తున్నాను. పుస్తకం అచ్చుకెళ్లేలోగా కంప్యూటరు నేర్చుకుంటే ఉంటావు. లేదంటే నీ దారి నీది." నవలాకారుడు అప్పుడు ఆ గదిలోనే ఉన్నాడు గానీ, కుర్చీలో వెనక్కి వాలి, మొహం మీద ప్రూఫు కప్పుకుని గురక పెడుతున్నాడు.

చదువు చెప్పే పని యజమాని కూతురు నెత్తిన పడింది.

"బాబాయ్, మెల్లగా నొక్కండి. అది తలుపు కాదు."

నొక్కడమైతే కొంత నయం. జుట్టంతా గళ్ల ముందే నెరిసిన మనిషి కదా, అక్షరం కావాలంటే వేళ్లు వాటంతటవే ఏరబోయేవి. కీబోర్డు మీటను రెండు వేళ్లతో పట్టి పైకి లాగేవాడు. అది ఊడి చేతికొచ్చేది. దాన్ని పట్టుకుని ఎక్కడ పేర్చాలా అని చుట్టూ చూసేవాడు. చూసి, తనే ముందు నవ్వేసేవాడు. "నా వేళ్లు నా మాట వినడం మానేశాయమ్మా. ఇంట్లో పిల్లలే నయం."

నవలాకారుడు వచ్చినప్పుడల్లా ముందు ఆ గదిలోకే తొంగిచూసేవాడు. "ఏమ్మా, నీ శిష్యుడెలా ఉన్నాడు?"

"ఇవాళ రెండు మీటలు పీకారండీ."

ఆయన పకపకా నవ్వి, ప్రూఫు తీసుకుని మళ్లీ మాయం. కంపోజిటరుకు ఒళ్లు మండేది. ఇంటికెళ్లి భార్య దగ్గర వెళ్లగక్కేవాడు.

"నా బతుకు ఆయనకు వేళాకోళంగా ఉంది!"

"పుస్తకం ఎప్పటికవుతుందట?" అనేది ఆవిడ. ఆవిడ భయం ఆవిడది.

"గొడుగో కర్రో తేలాలిగా!"

చివరికి యజమాని ఓపిక నశించింది. "సీసం మీద ఇక దిద్దింది చాలు. పుస్తకమంతా కంప్యూటరు మీద మా అమ్మాయి కొడుతుంది. ఏడో ప్రకరణం ఒక్కటి నువ్వు కొట్టు. అదే నీ పరీక్ష. ఆయన తప్పు పట్టాడా, నీ పని సరి."

ఆయనా, తప్పు పట్టకుండానా? కంపోజిటరు ఆశ వదిలేసుకునే కూర్చున్నాడు. దిద్దుబాట్లతో పిచ్చుకగూడులా ఉన్న పాత ప్రూఫు పక్కన పెట్టుకుని కొట్టాడు. ఒక్క మీటా ఊడలేదు.

నవలాకారుడు వచ్చి నిలబడే చదివాడు. పెన్సిలు తీశాడు. కంపోజిటరు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కాగితం అడుగున ఇలా ఉంది: "దిద్దుబాట్లు లేవు. అచ్చు వేయండి."

నమ్మలేక తనే మళ్లీ చదువుకున్నాడు. దిద్దుబాట్ల గందరగోళంలో ఒకచోట మార్చి, ఇంకోచోట మరిచాడు. కథానాయకుడు ఇంట్లోంచి కర్రతో బయల్దేరి గొడుగుతో తిరిగొస్తున్నాడు!

"గురువుగారూ, ఘోరం..."

"ష్! యజమాని వింటాడు. దారిలో కొనుక్కున్నాడేమోలే."

"ఇన్నాళ్లూ ఆ గొడుగు కోసమే కదండీ నన్ను చంపుకుతిన్నారు!"

"గొడుగుతో నాకేం పనయ్యా? నీ వేళ్లు కుదుటపడాలిగా. నాకు కాలం సాగదీయడం తప్ప ఇంకే విద్యా రాదాయె."

"ఆ రోజు మీరు గురక పెట్టి నిద్రపోతున్నారు కదా?"

"మా ఆవిణ్ణి అడుగు. నాకు గురకే రాదు."

కంపోజిటరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ రెండు వేళ్లతోనే పట్టుకున్నాడు.

తర్వాత నవల పేరు మోగిపోయింది. ఒక సభలో విమర్శకుడు లేచి, "కర్ర తన ఆసరా కోసం! గొడుగు ఇంకొకరికి నీడ కోసం! ఒక్క మాటా వివరించకుండా మనిషినే మార్చేశారు," అని ఊగిపోయాడు. నవలాకారుడు లేచి, "ఆ ఘనత నాది కాదండీ," అన్నాడు. ఎంత వినయమో అని చప్పట్లు మారుమోగాయి. వెనక వరసలో కంపోజిటరు కుర్చీలోంచి కిందికి జారిపోయాడు.

రెండో ముద్రణ అప్పుడు, మనసు ఒప్పుకోక, నెమ్మదిగా అడిగాడు. "పోనీ, ఇప్పుడైనా దిద్దేద్దామా గురువుగారూ?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అని గదమాయించాడు నవలాకారుడు. "మా ఆవిడ పేరు తర్వాత నేను దిద్దకుండా వదిలింది అదొక్కటే."