ఎర్రగడ్డకు జవాబు: హోసూరు నుంచి ఉద్దనపల్లి మీదుగా కృష్ణగిరి

అభిమానులను ఎలా పెంచుకోవాలో నేర్పే వీడియోలు నేను చాలానే చూశాను. రోజుకు ఎన్ని పెట్టాలి, ఏ వేళకు పెట్టాలి, మొదటి మాటతోనే చూసేవాళ్ళను ఎలా పట్టుకోవాలి, అన్నీ చెప్పారు. బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళమని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాలాగా ఇంట్లో వంట చేసుకుంటూ చానల్ నడిపే ఆడవాళ్ళు ఎవరైనా, మనల్ని చూసేవాళ్ళను ఒకసారి చూసొద్దామా అని ఆలోచిస్తూ ఉంటే ఈ దారి పనికొస్తుందని రాస్తున్నాను. వద్దని చెప్పేవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు. మా ఇంట్లో ఇద్దరున్నారు. ఇద్దరికీ పొద్దున్నే ఉప్మా చేసి మూతపెట్టి బయల్దేరాను.

నాది హోసూరు. నాలుగేళ్ళుగా మా వైపు వంటలను మా వైపు మాటలతోనే చేసి చూపిస్తున్నాను. యాడ, ఈడ అనే అంటాను. ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాను, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటాను. మా ఇళ్ళలో వాటికి ఇంకో పేరు లేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక కూర్చుని, వీడియోల కింద అడిగిన ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు రాసేదాన్ని. అలా ఉండగా బెంగళూరులోని ఒక ఏజెన్సీ నుంచి నవీన్ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. చానల్‌ను పెంచుతామని, ప్రకటనలు తెస్తామని, జవాబులు కూడా నా పేరుతో వాళ్ళే రాస్తామని చెప్పాడు. ఒక నెల ఉచితంగా చూడండి, నచ్చితే ఒప్పందం రాసుకుందాం అన్నాడు. మధ్యాహ్నాలు మిగులుతాయి కదా అని పాస్‌వర్డు ఇచ్చాను. ఆ నెల చూసేవాళ్ళు పెరిగిన మాట నిజం. అది దాచను.

అయితే ఇంటి ఖర్చు సరిచూసినట్టే నేను మనుషులను కూడా సరిచూసుకుంటాను. నెల చివర కామెంట్లు వరుసగా చదువుతూ పోతే, ప్రతి వీడియో కింద తప్పకుండా కనిపించే ఒక పేరు కనిపించలేదు. రత్నమ్మ, ఉద్దనపల్లి. నా చానల్‌లో మొట్టమొదటి ప్రశ్న అడిగిన మనిషి ఆమె. వెనక్కి వెళ్ళి వెతికితే పితికిపప్పు సారు అనే మా వైపు పులుసు వీడియో కింద ఆమె మాట దొరికింది: "అక్కా, ఎర్రగడ్డ లేకుండా అయితాదా? చెప్పక్కా, అవసరం." దాని కింద నా పేరుతో, నా ఫోటోతో జవాబు: "హాయ్ డియర్! ప్రస్తుతం ఎర్రగడ్డలో మీటప్ ప్లాన్ లేదు. త్వరలో కలుద్దాం. లవ్ యూ!"

హైదరాబాదులో ఎర్రగడ్డ అనే పేట ఉందని నాకు తెలుసు. పొరపాటు ఎక్కడ జరిగిందో వెంటనే అర్థమై నవ్వు కూడా వచ్చింది. కానీ దాని కింద రత్నమ్మ చివరిమాట చూసి ఆ నవ్వు ఆగిపోయింది. "సరే అక్కా. అర్థమయింది." ఈ రెండు ముక్కలు అన్న ఆడమనిషి మళ్ళీ తిరిగి చూడదు. ఇంకో జవాబు రాద్దామని ఫోన్ తీసి పెట్టేశాను. ఏం రాసినా అదీ ఎవరో రాశారనుకుంటుంది. నవీన్ వేరే పని మీద కృష్ణగిరికి వస్తూ, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఒప్పందం కాగితాలతో నన్ను అక్కడే కలుస్తానన్నాడు. ఆ లోపల రత్నమ్మను చూడాలి. ఉద్దనపల్లి, రాయకోట మీదుగా కూడా కృష్ణగిరికి దారి ఉంది కాబట్టి ఒకే ప్రయాణంలో రెండు పనులూ పెట్టుకున్నాను.

హోసూరు బస్టాండులో రాయకోట వైపు బస్సులు పొద్దున బాగానే దొరుకుతాయి. ఏడు గంటలకు టౌన్ బస్సు ఎక్కాను. తమిళనాడులో ఇలాంటి మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ ముఖాన పడుతుంది, కుడివైపు కూర్చోండి. ఫ్యాక్టరీల గోడలు దాటాక టమాటా తోటలు, పూలతోటలు మొదలవుతాయి. నా ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో ముందురోజు నానబెట్టి, ఒక్కొక్కటిగా వేళ్ళతో పితికి తొక్క తీసిన అనపగింజలు. అదే పితికిపప్పు. చలికాలంలోనే దొరుకుతుంది.

కండక్టరు డబ్బా వైపు చూసి అడిగాడు. "ఏముందమ్మా డబ్బాలో, అంత గట్టిగా పట్టుకోనుండావు?"

"పితికిపప్పప్పా."

"పొద్దున్నే పితికిపప్పు ఎత్తుకోని యాడికి? చుట్టాల ఇంటికా?"

"కోపంగా ఉండేవాళ్ళ ఇంటికి."

"అట్లయితే డబ్బా చాలదమ్మా, మూట ఎత్తుకోని రావాల్సింది," అన్నాడు. బస్సులో సగంమంది నవ్వారు.

గంట తర్వాత ఉద్దనపల్లిలో దిగాను. నా దగ్గర రత్నమ్మ ఫోన్ నంబరు లేదు, ఇంటి గుర్తు లేదు. బస్సు ఆగేచోట టీ కొట్టు ఉంది. టీ మంచిది, అల్లం వేస్తాడు. తాగుతూ అడిగాను.

"రత్నమ్మ ఇల్లు యాడప్పా?"

"ఈడ రత్నమ్మలు ముగ్గురుండారమ్మా. ఏ రత్నమ్మ?"

"వంట వీడియోలు చూసి ప్రశ్నలు రాస్తాదే, ఆమె."

అతను గ్లాసు కింద పెట్టి పెద్దగా నవ్వాడు. "ఓ, ఎర్రగడ్డ రత్నమ్మా! అట్ల చెప్పు. బంతితోట దాటినాక నీలం గేటు."

టీ సగంలోనే వదిలేసి లేచాను. నెలరోజుల్లో ఊరు ఊరంతా ఆమెకు పేరు మార్చేసిందన్నమాట.

నీలం గేటు లోపల ముప్పై అయిదేళ్ళ మనిషి చామంతులు గంపకెత్తుతోంది. అరుగు మీద ఆమె భర్త కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ముఖం చూస్తే తెలిసింది. అయినా లేవలేదు.

"హైదరాబాదు నుంచి వస్తివా అక్కా? మీటింగు అయిపాయనా?"

"హోసూరు నుంచి వచ్చినాను రత్నమ్మా. నీకోసమే."

"పిచ్చిది ఎట్లుంటాదో చూసిపోదామనా?"

ఆ మాట నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ళ పక్కింట్లో అద్దెకుండే తెలంగాణ అమ్మాయి హోసూరు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఎర్రగడ్డ అంటే ఏమిటని ఆ అమ్మాయిని అడిగితే, అక్కడ మానసిక ఆసుపత్రి ఉందని, తమ వైపు ఎవరినైనా వెక్కిరించాలంటే ఎర్రగడ్డకు పొమ్మంటారని చెప్పింది. ఇక ఊళ్ళో ఆడవాళ్ళు ఆగుతారా? నీ హోసూరు అక్క నిన్ను పిచ్చిదనింది పో అని మొదలుపెట్టారు.

"అది నేను రాయలేదమ్మా."

"పేరు నీదే, ఫోటో నీదే. ఇంకెవురు రాసినారు, దయ్యమా?"

"ఆఫీసు అబ్బాయి. నెల రోజులు వాళ్ళ చేతికిచ్చినాను."

ఆమె పూలు ఎత్తడం ఆపింది. "అట్లయితే ముందు రాసినవి ఎవురు రాసినారు? అవీ ఆఫీసేనా? నాలుగేండ్లూ నేను ఆఫీసుతో మాట్లాడినానా?"

నేను వచ్చింది ఈ ప్రశ్న కోసమేనని అప్పుడు తెలిసింది. రుజువు చూపించడానికి నా దగ్గర కాగితమేమీ లేదు. గుర్తున్నవి చెప్పాను. "మొదట నువ్వు అడిగింది సంగటి గడ్డలు కడతాండాదని. పిండి ఒకేసారి పోయొద్దన్నాను. నీ కూతురు పదో తరగతి పాసయినప్పుడు పాయసం అడిగితివి. బెల్లం తింటే ఆ పాపకు దద్దుర్లొస్తాయి, చక్కెరే వెయ్యమన్నాను. కుక్కరు విజిలు రాకపోతే కొత్తది కొనొద్దు, రబ్బరు మార్చు అన్నాను. మార్చినావా?"

"మార్చినాను," అంది నెమ్మదిగా. తర్వాత, "ఇంకా అదే కుక్కరు," అంది.

నేను డబ్బా ఆమె ముందు పెట్టి, పితికిపప్పు తెచ్చానని చెప్పాను. లోపలి నుంచి ముసలి గొంతు వినిపించింది. "ఎవురే అది? పప్పు తెచ్చినాదా? తెచ్చినుంటే మాట్లాడుకుంటా నిలబడతారేమే, పొయ్యి ముట్టీండి!"

ఆ గొంతు రత్నమ్మ అత్తగారిది. అవసరం ఆమెదే. కొడుకు కాలి ఆపరేషన్ బాగా జరగాలని మొక్కుకుని మండలం రోజులు ఎర్రగడ్డ, తెల్లగడ్డ మానేసింది. అవి లేని కూర నోటికి సహించక మజ్జిగన్నంతో ఉంటూ ఎండిపోయింది. పితికిపప్పు సారంటే ఆమెకు ప్రాణం. అందుకే ఆ రోజు రత్నమ్మ "అవసరం" అని రాసింది. వీడియో కింద అయితే అది ఒక్క మాటే. అరుగు దాటి లోపలికి వెళ్తే, గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ ఎముక తేలిన మణికట్టులో ఆ అవసరం కనిపించింది.

వంట మేమిద్దరం కలిసే చేశాం. రాయాలనుకునేవాళ్ళు రాసుకోండి: కొబ్బరి, వేయించిన శనగపప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు, కొంచెం గసగసాలు కలిపి మెత్తగా రుబ్బి, ఉడికిన పితికిపప్పులో పోసి మరిగించాలి. ఎర్రగడ్డ లేని లోటు ఇంగువ పోపు, చివర్లో పిడికెడు కొత్తిమీర తీరుస్తాయి. అవ్వ సంగటి ముద్ద తుంచి సారులో ముంచి నోట్లో పెట్టుకుంది. మేము నిలబడి చూస్తున్నాం.

"ఉప్పు చాల్లేదు," అంది. "ఇంకో ముద్ద పెట్టు."

జవాబు రాసిన ఆఫీసు అబ్బాయిని కలవడానికి కృష్ణగిరికి వెళ్తున్నానని చెప్పగానే, రత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చీర మార్చుకుని వచ్చింది. "నేనూ వస్తాను కృష్ణగిరికి. ఆ పిల్లోని మొగం చూడాల."

ఉద్దనపల్లి నుంచి రాయకోట అరగంట. అక్కడ బస్సు మారాలి. కృష్ణగిరికి ప్రైవేటు బస్సయితే టికెట్ తీసుకోవాలి, గంటసేపు పడుతుంది. నవీన్ చెప్పిన హోటల్ బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. పాతికేళ్ళుంటాయేమో, మర్యాదైన పిల్లాడు, లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. కాగితాలు బల్ల మీద సర్ది, చూసేవాళ్ళు ఎంత పెరిగారో గీతలు గీసిన బొమ్మ చూపించాడు. రత్నమ్మ అదేమీ చూడలేదు.

"అప్పా, నువ్వు ఎర్రగడ్డ తింటావా?"

"ఎర్రగడ్డ తినుడేంది మేడమ్? మా ఇల్లే అక్కడ!"

పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి చూసేంతగా నవ్వింది రత్నమ్మ. నేను సంగతంతా చెప్పాను. అతని ముఖం ఎర్రబడింది. "సారీ మేడమ్. ఆఫీసులో ఎవరో కాదు, నేనే రాసిన. మా ఏరియా పేరు చూసి, మా గల్లీలోళ్ళు కూడా చూస్తున్నరని ఖుషీ అయి రాసిన. వెక్కిరించాలని కాదు. ఆ మాటతో మమ్మల్నే అందరూ ఏడిపిస్తరు."

"ఎన్నాళ్ళ నుంచి?" అంది రత్నమ్మ.

"చిన్నప్పటి నుంచి, స్కూల్లోనే."

"నాకు నెల రోజులకే తల తిరిగిపాయ. నువ్వు గట్టోడివప్పా," అని తన ముందున్న వడ ప్లేటు అతని వైపు జరిపింది.

అతను తేరుకుని నాతో అన్నాడు. "మేడమ్, మీ మాటలన్నీ రాసియ్యండి. మా టీమ్ నేర్చుకుంటది. మళ్ళీ ఇట్లా కాదు."

"మాటలు నేర్చుకుంటారప్పా. రత్నమ్మ కూతురికి బెల్లం పడదని ఎవురు నేర్చుకుంటారు?"

"పెద్ద చానల్స్ అన్నీ ఇట్లనే నడుస్తయి మేడమ్. మీరొక్కరే ఎంతమందికని రాస్తరు?"

"ఎంతమందికి రాయగలనో అంతమందే చాలు నాకు."

అతని ముందే పాస్‌వర్డు మార్చాను. ఎక్కడ నొక్కాలో తెలియకపోతే అతనే చూపించాడు, పాపం. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మా ముగ్గురి టీ, వడల బిల్లు నేనే కట్టాను. నెలరోజుల పనికి అతనికి నేను ఇచ్చింది అదే.

రత్నమ్మను రాయకోట బస్సు ఎక్కించి, నేను శూలగిరి మీదుగా హోసూరు బస్సెక్కాను. గంటా పావులో ఇంటికి చేరవచ్చు. దారిలో ఆ పాత ప్రశ్న తెరిచి, లవ్ యూ జవాబు తీసేసి, అందరికీ కనిపించేలా రాశాను: "రత్నమ్మా, ఎర్రగడ్డ లేకుండా అయితాది. ఈ రోజు మీ ఇంట్లోనే చేసినాము. అవ్వ రెండు ముద్దలు తినింది. ఈసారి ఉప్పు సరిగ్గా వెయ్యి." బస్సు హోసూరు చేరేలోపు దాని కింద ఉద్దనపల్లి ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొలత అడిగినవాళ్ళున్నారు, నన్ను తిట్టినవాళ్ళున్నారు. రత్నమ్మ అందరి కింద ఒక్కటే రాసింది. "గమ్మునుండండి, మా అక్క అలిసిపోయుంటాది."

ఆ తర్వాత చూసేవాళ్ళ సంఖ్య తగ్గింది. తగ్గనీ. మధ్యాహ్నాలు మళ్ళీ పోయాయి. పోనీ. ఇంట్లో ఆ ఇద్దరూ, నేర్పే వీడియోల వాళ్ళూ నాది తెలివితక్కువ పని అంటారు, వాళ్ళ లెక్కలో అది సరే కావచ్చు. నా లెక్క వేరు. నా పేరుతో పలికే ప్రతి మాటా నా నోటిది అయి ఉండాలి, తప్పు పడితే తిట్టడానికి కూడా ఎదురుగా నేనే దొరకాలి. రత్నమ్మ కోపంగా ఉండి కూడా నేను చెప్పింది విన్నదంటే, ఆ నాలుగేళ్ళ మధ్యాహ్నాల వల్లే. వాటిని ఇంకొకరి చేతికి ఇచ్చి నేను విశ్రాంతి తీసుకోను.

మీరూ బయల్దేరితే ఒక్క సలహా. బస్సు వేళల కంటే ముందు, మీరు వెళ్ళే ఊళ్ళో ఉల్లిపాయను ఏమంటారో కనుక్కోండి.