కుళాయి వచ్చే గంట

నా చిన్నప్పుడు, జంషెడ్‌పూర్‌లో మేముండే కార్మికుల ఇళ్ల లైన్లో, పక్కింటి అక్కకి పుట్టిన బిడ్డ మూడో రోజునే పోయాడు. ఆ తర్వాత అక్క మాట్లాడటం మానేసింది. ఒకసారి తెల్లవారకుండానే లేచి నది వైపు నడిచిపోతుంటే పాలవాడు చూసి వెనక్కి తీసుకొచ్చాడు. ఇలాంటి జబ్బుకి డాక్టరు కావాలంటే అప్పట్లో రాంచీ వెళ్లాలి. అక్క భర్తని నేను బావా అనేదాన్ని. ఆయన ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. వెళ్లని రోజుకి కూలి లేదు. రెండుసార్లు తీసుకెళ్లాడు. మూడోసారికి బస్సుకీ మందులకీ ఏమీ మిగల్లేదు. లైన్లో పిల్లలు ఆ ఇంటి ముందు "రాంచీ, రాంచీ" అని అరిచి పారిపోయేవారు. నేనూ ఒకసారి అరిచాను.

మా తాతయ్య ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఒక నియమం ఉండేది: తన బదులు మనిషి వచ్చి నిలబడేదాకా ఎవరూ చోటు వదలకూడదు. తాతయ్య లైన్లో ఆడవాళ్లందరినీ పిలిచి, అక్కని ఒంటరిగా వదలకుండా ఆ నియమం ప్రకారమే వంతులు వేశాడు.

"మగోళ్లకి మూడు షిఫ్టులు సాలవని మాకు నాలుగోది తెచ్చేడు మావయ్య," అని మా అమ్మ నవ్వింది. కానీ ఒక్కరూ వంతు తప్పలేదు.

సాయంత్రం కుళాయి వచ్చే గంటకి మాత్రం ఆడవాళ్లెవరికీ వీలయ్యేది కాదు. అప్పుడు బిందె పట్టకపోతే మర్నాటిదాకా నీళ్లుండవు. మగవాళ్లు లోపల కూర్చుంటే బాగుండదనుకునేవారు. అందుకని ఆ గంట నాకిచ్చారు. నాకు తొమ్మిదేళ్లు.

"మీ అక్క పంపినా నువ్వు ఎల్లకూడదు. తెలిసిందేటే?" అన్నాడు తాతయ్య.

నెల రోజులు కదలకుండా కూర్చున్నాను. ఆ రోజు నేను వెళ్లేసరికి అక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఉంది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసింది. "మీ అమ్మనడిగి కాసింత కరేపాకు తెత్తావేటే? సారు పెడతాను," అంది. ఆమె గొంతు విని ఎన్నాళ్లయిందో. నాకు తాతయ్య మాట గుర్తు రాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది. కానీ ఈ కబురు అందరికంటే ముందు నేనే చెప్పాలనిపించింది. కుళాయి దగ్గరికి పరిగెత్తి, "అక్క వంట సేత్తాదంట!" అని అరిచాను. ఆడవాళ్లు బిందెలు వదిలి నవ్వారు. అమ్మా నేనూ వచ్చేసరికి తలుపు తీసి ఉంది.

అక్క శవాన్ని చీకటి పడ్డాక సువర్ణరేఖ నది నుంచి తెచ్చారు.

బావ నన్నేమీ తిట్టలేదు. "ఆ టైముకి పాప ఉండాలి గదా?" అని మాత్రం అడిగాడు. నేను నోరు తెరిచేలోగా తాతయ్య ముందుకొచ్చాడు. "నా మందుబిళ్లలకి నేనే పంపేను బాబూ. తప్పు నాది." కుళాయి దగ్గర నన్ను చూసిన ఆడవాళ్లెవరూ బావకి అసలు సంగతి చెప్పలేదు. బావ ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. బావ వీధిలో కనిపించినప్పుడల్లా తాతయ్య లేచి నిలబడేవాడు. బావ చూడకుండా వెళ్లిపోయేవాడు. తాతయ్య పోయేదాకా అలాగే జరిగింది.

పదిహేనేళ్లప్పుడు ధైర్యం చేసి, ఎందుకలా చెప్పావని అడిగాను. "తొమ్మిదేళ్ల పిల్లని డాక్టరు జాగాలో కూకోబెట్టినోడిని నేను. నీకు పలక బరువే ఎక్కువ గదే. మరి తప్పెవరిది?" అన్నాడు. ఆ మాట నిజమని నాకు తెలుసు. నమ్మడం మాత్రం రాలేదు. బావ కిందటేడు పోయాడు. ఆయనకి నేను అసలు సంగతి చెప్పలేదు.

ఇప్పుడు మా ఊళ్లోనే, కాసిడీహ్‌లో ఒక గదికి వారానికోసారి మానసిక వైద్యుడు వస్తాడు. అక్కడ డాక్టరుకి చూపించుకునే చీటీకి అయ్యేది ఆటో ఖర్చంత కూడా కాదు. చీటీలు రాసేది నేనే. కిందటి నెల మాంగో బస్తీ నుంచి ఒక పదేళ్ల పిల్ల తల్లిని కొంగు పట్టుకుని తీసుకొచ్చింది. అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో, ఏ మాత్ర మింగకుండా ఉమ్మేసిందో ఆ పిల్లే చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకున్నారు. నేను కలం పక్కన పెట్టి లేచాను.

ఎవరైనా పెద్దవాళ్లు వచ్చేదాకా వాళ్లని ఇంటికి పంపకూడదని డాక్టరుకి చెప్పాను. వాళ్ల పిన్నికి ఫోన్ చేయించాను. పిల్లని బయటికెళ్లి ఆడుకోమన్నాను. కదల్లేదు. "ఆప్ దేఖేంగే నా?" అని హిందీలో అడిగింది. మీ అమ్మని నేను చూస్తుంటానన్నాను. అప్పుడు బయటికెళ్లింది. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, నా పక్కన తల్లి ఉందో లేదో చూసుకుని వెళ్లింది. మూడోసారి రాలేదు. బయట ఎవరితోనో గట్టిగా తగువాడుతున్న గొంతు వినిపించింది, ఆటలో తనే గెలిచానని.

తప్పు నాది కాదన్న తాతయ్య మాటని ఆ కాసేపు నమ్మగలిగాను.