జాబితాలో ఖాళీ

దర్జీ మాస్టారి కొట్టు బయట, మెట్టు పక్కన ఒక పొట్టి స్టూలు ఉంది. పంతొమ్మిదేళ్ళుగా దాని మీద ఒకే మనిషి కూర్చుంటోంది. లోపల మాస్టారు చొక్కా కుట్టి బయటికి అందిస్తే, దానికి కాజాలు చేసి, గుండీలు తగిలించి, అంచులు మడిచి కుట్టడం ఆవిడ పని. అందుకే వీధి మొత్తానికీ ఆవిడ కాజాలక్క. అక్క చేత్తో చేసిన కాజా చొక్కా చిరిగినా చిరగదని మాస్టారు వచ్చినవాళ్ళందరితో చెప్పేవాడు. పొగడ్తలకేం, ఊరికే వస్తాయి అని ఆవిడ నవ్వేది.

కాజా అంటే చాలామందికి చిన్నచూపు. ముందు సుద్దతో గీత గియ్యాలి. ఆ గీత మీద కత్తెర మొనతో చీలిక పెట్టాలి. ఆ చీలిక చుట్టూ దారాన్ని ముడి పక్కన ముడిగా, సందు లేకుండా తిప్పాలి. గుండీ తప్పు పడితే తెంపి మళ్ళీ కుట్టొచ్చు. చీలిక తప్పు పడితే ఆ బట్ట పోయినట్టే, దాన్ని బ్రహ్మదేవుడు కూడా అతకలేడు. ఆ చీలిక పెట్టడానికి చెయ్యి ఒక్కటే చాలదు, కన్ను కావాలి. కాజాలక్క తిండి, గది, బతుకు అన్నీ ఆ కంటి మీదే ఆధారపడి ఉన్నాయి.

నాలుగేళ్ళ కిందట ఆవిడకి షుగరు ఉందని తేలింది. రెండు వీధుల అవతల ఉచిత ఆస్పత్రి ఉంది. ఆస్పత్రి అంటే ఒక డాక్టరు, ఒక సిస్టరమ్మ, గోడకి ఆనించిన ఒక పొడుగాటి బెంచీ. చూడడమైతే అందరినీ చూస్తారు. నెలనెలా మాత్రలు మాత్రం జాబితాలో పేరున్నవాళ్ళకే ఇస్తారు. పైనుంచి వచ్చే మందు మూడువందల మందికి సరిపోతుంది కాబట్టి జాబితాలో పేర్లు కూడా మూడువందలే. కాజాలక్క వెళ్ళిన రోజున ఒకే ఒక్క ఖాళీ ఉంది. అది ఆవిడకి దక్కింది.

సరిగ్గా నెల తిరిగేసరికి వదినకి కూడా అదే జబ్బు అన్నారు. వదిన అంటే, పోయిన భర్తకి అక్క. వీళ్ళిద్దరికీ ముందూ వెనకా ఎవరూ లేరు. ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద, రోజుకి రెండుసార్లు పోట్లాడుకుంటూ కలిసి ఉంటున్నారు. వదిన నాలుగిళ్ళలో అంట్లు తోమి, గచ్చులు కడుగుతుంది. పొద్దస్తమానం నీళ్ళలో నానే కాళ్ళు కదా, కుడికాలి వేళ్ళ మధ్య ఒక పుండు పడి మానకుండా కూర్చుంది.

"జాబితా నిండిపోయిందమ్మా. వెయిటింగులో రాసుకుంటాను. ఎవరైనా ఖాళీ అయితే కబురు చేస్తాం" అంది సిస్టరమ్మ.

"ఖాళీ అవడమంటే?" అంది వదిన.

సిస్టరమ్మ తల దించుకుని కాగితాలు సర్దుకుంది.

దారిలో వదిన ఉండబట్టలేక అంది: "అంటే ఎవరో ఒకరు పోవాలన్నమాట. ఎవరు పోవాలని దణ్ణం పెట్టుకోనే? నువ్వే ఒక పేరు చెప్పు." ఇద్దరూ నడిరోడ్డు మీద పడీపడీ నవ్వారు. ఇంటికెళ్ళాక, నవ్వినందుకు ఇద్దరికీ సిగ్గేసింది.

మర్నాటి నుంచి కాజాలక్క తన మాత్రలు తీసి వదిన డబ్బాలో పోయడం మొదలుపెట్టింది. "నాకు కొద్దిగానే ఉందట. వాళ్ళేమో బోలెడు ఇచ్చేస్తున్నారు. పారెయ్యనా?" అంది. వదినకి చదువు రాదు గానీ మనుషుల్ని చదవడం వచ్చు. ఆ ఒక్కసారి ఎందుకో చదవలేకపోయింది. పుండు సలుపుతున్న మనిషికి మాత్ర కనబడింది, అంతే.

మరి మూడు నెలలకొకసారి ఆస్పత్రిలో చేసే రక్తపరీక్ష సంగతి? దానికి ఉపాయం గొడుగుల తాత చెప్పాడు. గొడుగులు బాగుచేసే ఆ ముసలాయన బెంచీ మీద ఎప్పుడూ ఆవిడ పక్కనే కూర్చునేవాడు. గొడుగు ఊచలకి కట్టుకోవడానికి ఆవిడ మిగిలిన నల్లదారం చుట్టి తెచ్చి ఇచ్చేది. దానికి బదులు ఆయన లోకజ్ఞానం ఇచ్చేవాడు.

"పరీక్షకి ముందు ఒక్క వారం ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే చాలమ్మా. మాత్ర వేసుకో, నోరు కట్టుకో, చక్కెర మొహం చూడకు. అంకె బుద్ధిగా వస్తుంది. సిస్టరమ్మ తిట్టదు. మిగతా రోజులు మనవే" అని గుంభనంగా నవ్వేవాడు. ఆయన మాత్రలు దాచుకునేది ఇంట్లో ఉన్న తన ముసలామె కోసమట.

ఈ తెలివి బెంచీ మీద కూర్చునేవాళ్ళకే వస్తుంది. డబ్బున్నవాడు రోగం తగ్గడానికి డాక్టరు దగ్గరికి వెళతాడు. లేనివాడు డాక్టరు చేత బాగున్నావనిపించుకోవడానికి వెళతాడు, బళ్ళో పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు. తిడితే రేపు మందివ్వరేమోనని భయం. కాజాలక్క కూడా ఆ వారానికి సరిపడా మాత్రలు చీరకొంగున ముడేసుకుని, సగం కడుపుతో వారం గడిపి, పరీక్షకి వేలు చాపేది. అంకె బుద్ధిగా వచ్చేది. "నిన్ను చూసి అందరూ నేర్చుకోవాలి" అనేది సిస్టరమ్మ. వదిన పుండు కూడా మెల్లగా ఎండింది. అది చూసినప్పుడల్లా కాజాలక్కకి తను గొప్ప పని చేస్తున్నానని లోలోపల గర్వంగా ఉండేది. ఉండదా మరి?

మూడో ఏట సూదికన్ను మసకబారింది.

వయసు అనుకుంది. సూదిలో పాతదారం తోక వదిలేసి, దానికే కొత్తదారం ముడేసి లాగడం అలవాటు చేసుకుంది. ఎడమ కంటి ముందు నల్లటి పోగులు తేలుతుంటే చేత్తో తోలేది. ఒకరోజు మాస్టారు తెల్ల చొక్కా ఒకటి ఇచ్చాడు. గీత గీసింది, కత్తెర పెట్టింది. చీలిక గీత మీద పడలేదు, పక్కన పడింది. రెండోది కూడా అంతే.

మాస్టారు చొక్కా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నోటిదురుసు మనిషి, తిడితే బావుండేది. తిట్టలేదు. "కొన్నాళ్ళు గుండీలూ అంచులూ చూడక్కా. కాజాలు మిషన్ మీద వేయిస్తాలే" అన్నాడు. అన్నేళ్ళ పేరు ఆ ఒక్క మాటతో పోయింది. ఆ సాయంత్రం కాజాలక్క అన్నం తినలేదు. వదిన అడిగితే కడుపులో బాగాలేదంది.

అదే నెలలో ఆస్పత్రికి పైనుంచి కొత్త కాగితం వచ్చింది. వరసగా మూడు పరీక్షల్లో షుగరు అదుపులో ఉన్నవాళ్ళకి తిండి జాగ్రత్త చాలు. వాళ్ళ మాత్రలు ఆపి, పేరు తీసి, వెయిటింగులో ఉన్నవాళ్ళకి ఇవ్వాలి. గొడుగుల తాత పోయిన పరీక్షకి నోరు కట్టుకోలేకపోయాడు కాబట్టి ఆయన పేరు మిగిలింది.

"అదృష్టవంతురాలివి, నీకిక మందులే అక్కర్లేదు!" అంది సిస్టరమ్మ, జాబితాలో ఆమె పేరు మీద గీత కొడుతూ. "నీ చోట్లో ఎవరొస్తున్నారో తెలుసా? మీ వదినే. ముందున్న పేరు ఆవిడదే."

కాజాలక్క ఆ గీత వైపు చూసింది. ఇన్నాళ్ళూ అబద్ధం ఆడానని చెప్పొచ్చు, చెప్తే తన పేరు నిలుస్తుంది. కానీ వదిన పేరు మళ్ళీ వెనక్కి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "మంచిది సిస్టరమ్మా" అని లేచి వచ్చేసింది.

నాలుగు రోజులకి వదిన తన సొంత మాత్రల పొట్లంతో ఇంటికొచ్చింది. మొహం చేటంత చేసుకుని, "ఇక నీ మందులు నాకొద్దులేవే. నా డబ్బాలో మిగిలినవి నీ డబ్బాలో పోసేస్తాను, ఏదీ" అని అలమారు తెరిచింది. కాజాలక్క డబ్బాలో మాత్రలు లేవు. గుండీలు ఉన్నాయి.

"నీ మందులెక్కడ?"

"ఆపేశారు. నాకు తగ్గిపోయిందట."

వదిన ఒక సూదీ, దారం రీలూ తీసి ఎదురుగా పెట్టింది. "ఎక్కించు."

కాజాలక్క ఎక్కించలేకపోయింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి సూది వేలికి గుచ్చుకుంది. వదిన అది చూసింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇన్నేళ్ళూ దాచినదంతా ఆ పూట బయటపడింది.

"నా కాలు బాగుచెయ్యడానికి నీ కళ్ళు ఇచ్చావా? నేనడిగానా? ఎవరడిగారే నిన్ను?" అని వదిన కేకలేసింది. తర్వాత నేల మీద కూలబడి, ఆ మానిన కాలిని చేత్తో కొట్టుకుంటూ ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు.

మర్నాడు ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. ఈసారి ముందు వారం మాత్రలు లేవు, ఉపవాసం లేదు. వేలు గుచ్చి అంకె చూసిన సిస్టరమ్మ, మిషను చెడిందేమోనని రెండో వేలు కూడా గుచ్చింది. అంకె అదే వచ్చింది. విషయమంతా వదినే చెప్పింది.

"నా చేత్తోనే కొట్టేశానమ్మా నీ పేరు" అంది సిస్టరమ్మ. "ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే కోప్పడతారని" అంది కాజాలక్క.

"నా పేరు కొట్టేసి దీని పేరు రాయండి" అంది వదిన.

"కుదరదమ్మా. నువ్వు మానేస్తే ఆ చోటు వరసలో తర్వాతి వాళ్ళకి పోతుంది, ఈమెకి రాదు. ఈమెని మళ్ళీ చివర రాయాల్సిందే." అని రాసింది. ఏడో పేరు.

గురువారం వచ్చే కంటి డాక్టరు కాజాలక్క కళ్ళలోకి లైటు వేసి చూశాడు. ఎడమ కంట్లో పోయిన చూపు ఇక రాదన్నాడు. కుడికన్ను నిలబడాలంటే రోజూ మాత్ర పడాల్సిందేనన్నాడు. గుడ్డికన్నా మెల్ల నయం అనుకుని ఇద్దరూ ఇంటికొచ్చారు. వదిన ఐదో ఇల్లు ఒప్పుకుని, ఆ జీతంతో కాజాలక్కకి బయట కొట్లో మాత్రలు కొంటోంది. కాలు మళ్ళీ నానుతోంది. పొద్దున పనికి పోయేముందు వదిన ఇరవై సూదుల్లో దారం ఎక్కించి దిండుకి గుచ్చి పెడుతుంది. వాటితో కాజాలక్క స్టూలు మీద కూర్చుని వేళ్ళతో తడుముతూ గుండీలు కుడుతుంది. మాస్టారు మిషను కాజాలనే వేయిస్తున్నాడు. అక్క కాజాల ఊసు ఎత్తడం మానేశాడు.

మొన్న వదిన ఆస్పత్రి నుంచి తిన్నగా కొట్టు దగ్గరికి వచ్చింది.

"ఆరో పేరైందే నీది" అంది. గొంతులో సంతోషం లేదు.

కాజాలక్క సూది ఆపింది. "ఎవరు?"

"గొడుగుల తాత. సోమవారం నాడట."

పక్కనున్న డబ్బాలో ఆయన కోసం చుట్టిపెట్టిన నల్లదారం ఉండ ఉంది. కాజాలక్క దాన్ని తీసి చేతిలో పట్టుకుని కూర్చుంది. వదిన ధైర్యం చెప్పాలనుకుని, "ఇంకా ఆరుగురు పోతే..." అంది. అనేసి నాలుక కరుచుకుంది.

"లెక్కపెట్టకు వదినా" అంది కాజాలక్క. "ఆ మూడువందల్లో నీ పేరు కూడా ఉంది."