ముద్ర లేని దుంగలు

ఈ ఏడాది మంచు కరిగాక మొదటిసారి వాకింగ్‌కి బయల్దేరి, మా ఊరి నది పక్కనున్న చదువుల హాలు ముందు కొత్తగా పాతిన కంచు పలకను మనవరాలి చేత చదివించుకోకుండా నేనే కూడబలుక్కుని చదివి, ఒళ్ళు మండిపోయి దాన్ని చేతికర్రతో ఒక్కటి వేశాను. మా ఊరంటే గోదావరి పక్కన ఊరనుకునేరు, కాదు, మిచిగన్‌లో ఓ చిన్న ఊరు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే నా ఊరు. నూట నలభై ఏళ్ళ కిందట ఇక్కడ రంపపు మిల్లు నడిపి, మేయరుగా కూడా చేసిన ఓ కలప వ్యాపారి ఈ హాలును ప్రజలకు దానంగా ఇచ్చాడని ఆ పలక చెబుతోంది. దానమట! ఆయన బతికుంటే నాకంటే గట్టిగా కొట్టేవాడు.

ఆయన సంగతి నాకెలా తెలుసంటారా? నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ హాల్లోనే, ఆయన మనవరాలి దగ్గర. మా నాన్న రాజమండ్రిలో కలప అడితి మేస్త్రీ. ఆడపిల్లకు బడెందుకని నన్ను పంపలేదు, చదువుకున్న మేనబావను చేసుకుని వేలిముద్రతోనే అమెరికా వచ్చాను. మా ఆయన పేపరు మిల్లుకు పోయాక కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోలేక ఓ మధ్యాహ్నం ఆ హాల్లోకి వెళితే, తల ముగ్గుబుట్టలా నెరిసిన ఆ పెద్దామె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాలు ముందు ఆమె నేర్పింది, తెలుగువి ఆ తర్వాత ఎన్నాళ్ళకో మా ఆయన దిద్దించాడు. అందుకే ఇప్పటికీ నా తెలుగు రాత కొంచెం దొరసానిలా ఉంటుంది.

పాఠం మధ్యలో ఆమె తన తాత కథ చెప్పేది. ఆయన గొడ్డలి తప్ప ఏమీ లేకుండా ఈ అడవుల్లోకి కూలికొచ్చి, మెల్లగా తమ్ముడితో కలిసి మిల్లు పెట్టాడట. చలికాలంలో చెట్లు కొట్టి, దుంగల్ని మంచు మీద ఈడ్చుకొచ్చి ఒడ్డున పేర్చి, మంచు కరగ్గానే నదిలోకి తోసేవారట. అన్ని మిల్లుల దుంగలూ కలిసిపోయి కిందికొస్తాయి కనుక, ఎవరివి వాళ్ళు తెలుసుకోవడానికి దుంగ చివర సుత్తితో తమ ముద్ర కొట్టేవారట. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా అడితిలోనూ అంతే కదా! కాకపోతే ముద్ర లేని దుంగ దొరికితే, మా దగ్గర ఎవరి సుత్తి ముందు పడితే దుంగ వాళ్ళది. ఇక్కడా మొదట్లో అంతేనట, దాని కోసం ఒడ్డున తలకాయలు పగిలేవట. మేయరయ్యాక ఆయన మిల్లుల వాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఓ కట్టుబాటుకు ఒప్పించాడు: ముద్ర లేని దుంగ ఊరిది.

మరుసటి చలికాలమే అది ఆయన మెడకు చుట్టుకుంది. ముద్రలు కొట్టించాల్సిన తమ్ముడు, ఒడ్డున ఆగుతాయి కదా, తర్వాత కొట్టించొచ్చులే అనుకున్నాడు. ఎండ ముందొచ్చింది, నది పొంగింది, ఆ చలికాలపు కష్టమంతా ముద్ర లేకుండా కొట్టుకుపోయింది. అవి ఎవరివో పసిపిల్లలకు కూడా తెలుసు. పోటీ మిల్లుల వాళ్ళే తీసుకోమన్నారు, తమ్ముడు కాళ్ళు పట్టుకున్నాడు. ఈయన మాత్రం ముద్ర లేదు కాబట్టి నావి కావన్నాడు. ఉన్న ఇల్లు అమ్మి కూలీలకు జీతాలిచ్చాడు. తమ్ముడు పడమటి రాష్ట్రాలకు వెళ్ళిపోయి మళ్ళీ ముఖం చూపించలేదు. ఆ దుంగలు కోయించి ఊరు కట్టుకున్నదే ఈ హాలు.

ఆయన దేవుడని నేననను. ఈ చుట్టుపక్కల కొండలకు గుండు కొట్టించిన వాళ్ళలో ఆయనా ఒకడు. అంతకుముందు ఆ అడవి ఎవరిదో అడిగిన పాపాన పోలేదు. ఆ మాట ఆయన మనవరాలే తల దించుకుని నాతో అంది. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన ఇచ్చిందేమీ లేదు. తనది కానిదాన్ని ఎవరైనా ఎలా ఇస్తారు?

ఆ పలక ఊరికే పెట్టలేదని తర్వాత తెలిసింది. దానమంటే అడిగే హక్కు ఇచ్చిన కుటుంబానిదే. ఆ పెద్దామె పోయాక అందులో ఎవరూ మిగల్లేదు, అడిగేవాళ్ళు లేరు, కాబట్టి పెళ్ళిళ్ళూ పార్టీలూ చేయించే ఓ కంపెనీకి అమ్మేస్తామని కౌన్సిల్ వాళ్ళు బయల్దేరారు. మా వీధిలో కొత్తగా ఇల్లు కొన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడితో మొత్తుకున్నాను.

"మీకెందుకాంటీ ఈ టెన్షన్? వాళ్ళు తీసుకుంటే ఏసీ, పార్కింగ్ అన్నీ వస్తాయి. మా బాబు బర్త్‌డేకి బుక్ చేద్దామంటే ఈ ఊళ్ళో ఒక్క హాలుందా చెప్పండి?"

"మీ అమ్మ ఏబీసీడీలు ఎక్కడ దిద్దుతోంది నాయనా?"

"అక్కడే... ఫోన్‌లో కూడా ఉంటాయి కదాంటీ" అని నసిగాడు.

కౌన్సిల్ మీటింగు రోజు మా మనవరాలు నన్ను కారులోంచి దింపుతూ, "అమ్మమ్మా, షౌట్ చేయొద్దు, ప్లీజ్. స్లోగా చెప్తే వాళ్ళు వింటారు" అంది.

"స్లోగా చెప్తే నిద్రపోతారే" అన్నాను.

అరిచాను కూడా. దుంగల సంగతి, ముద్ర సంగతి, తమ్ముడి సంగతి, నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక్కటీ వదల్లేదు. కౌన్సిల్ అధ్యక్షురాలు నవ్వు చెరగకుండా విని, దీనికి కాగితమేమైనా ఉందా అని అడిగింది. లేదు, మనిషి చెప్పింది అన్నాను. థాంక్యూ అంది. నా టైమైపోయిందని బజరు మోగింది. ఓటుకు చేతులు లేచాయి. హాలు అమ్ముడుపోయింది.

మళ్ళీ చలికాలం వచ్చింది, ఇప్పుడు మా కారు బయట మంచులో నానుతోంది. గ్యారేజీలో ఆ కుర్రాడి తల్లీ, మరికొందరు ఆడవాళ్ళూ హీటరు చుట్టూ కూర్చుని నా దగ్గర అక్షరాలు దిద్దుతున్నారు. నాకిదేమీ కష్టం కాదు. కానీ ఇది నా ఇల్లు. వాళ్ళు చెప్పులు విప్పి, అడిగి, మొహమాటపడుతూ లోపలికొస్తారు, పోయేటప్పుడు నాకు దండం పెడతారు. ఆ హాల్లో నేనెవరికీ దండం పెట్టలేదు. పెట్టాలని కూడా తోచలేదు. అంత దర్జాగా కూర్చునే చోటు ఈ ఊళ్ళో ఇక లేదు.