మస్తాన్ సార్ జార్ ఫైలు

2023లో నేను హిందూపురంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే ఒక యూనిట్‌లో మా ప్రోగ్రామ్ నడిచేది. రంగుపొడిని ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే తూకం నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చేది. కాటా నుంచి తూకం అందుకునే భాగం మాత్రం మాది కాదు. నాకు జావా నేర్పిన పెనుకొండ మస్తాన్ సార్ ఎప్పుడో రాసి, కంపైల్ చేసి, అంటే కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చి ఇచ్చిన జార్ ఫైలు అది. తర్వాత ఆయనకు చూపు పోయింది. ఆయన రాసిన అసలు కోడ్, అంటే సోర్స్ కోడ్ ఉన్న డిస్కు కూడా పాడైపోయింది కాబట్టి ఆ ఫైలును మార్చే వీలు లేదు.

మా కోడ్‌లో చాలా భాగం మేం చేత్తో రాయం. ఏ వివరాలు కావాలో చెబితే జనరేటర్ అనే టూల్ జావా కోడ్ తయారుచేస్తుంది. ఏడాది మొత్తం తూకాలు కూడా పట్టాలని, బరువు అందుకునే మెథడ్‌ను (ఆ పని చేసే కోడ్ ముక్కను) 'ఇంట్' అనే సంఖ్యల రకం నుంచి, ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే 'లాంగ్'కు మార్చాం. కాటా లేని మా కంప్యూటర్లలో అంతా బాగానే నడిచింది. యూనిట్‌లో కొత్త వెర్షన్ పెట్టేశాం. మర్నాడు పొద్దున్నే యూనిట్ యజమాని రమణమ్మగారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, తూకం రాల్యా. పెండ్లి చీరల నూలు తడిపి పెట్టుకోని కూచ్చోనుండాము. అందాజుగా ఏస్తే రంగు తేడా వస్తాది."

వెంటనే పాత వెర్షన్ తిరిగి పెట్టించి ఆమె పని సాగేలా చూశాను. కానీ కొత్తది ఎప్పటికైనా పెట్టాల్సిందే. మేనేజర్ ఆ జార్ తీసేసి వేరేది రాయిద్దామన్నారు. నాకు మనసొప్పక సార్‌కు ఫోన్ చేశాను.

"నాది ఇంకా వాడతాండారా?" అన్నారు ఆశ్చర్యంగా. సంగతంతా విన్నాక నవ్వారు. "నా జార్ 'ఇంట్' తీసుకునే మెథడ్‌నే ఎతుకుతాదమ్మా. 'లాంగ్' ఉన్నా దానికి పనికిరాదు. పాత మెథడ్ తీసేయాకు. అది కొత్తదాన్ని పిలిచేట్ల పెట్టు. చేత్తో రాస్తే మళ్ళా జనరేట్ చేసినప్పుడు పోతాది. జనరేటర్‌నే మార్చు."

అలాగే చేశాను. మళ్ళీ కంపైల్ చేయకుండానే పాత ఫైలు కొత్త కోడ్‌తో నడవడాన్ని బైనరీ కంపాటిబిలిటీ అంటారు. కొత్త వెర్షన్ పెట్టే రోజు నేనే ధర్మవరం వెళ్ళాను. స్క్రీన్ మీద తూకం కనబడగానే సార్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. రమణమ్మగారు నా ఫోన్ తీసుకుని ఆయనతో మాట్లాడారు.

"మీది బాగా పనిచేస్తాండాది సార్."

ఆయన, "ఈ పొద్దు ఏం రంగు ఏస్తాండారమ్మా?" అని అడిగారు.

"వంకాయ రంగు సార్. నిగనిగలాడతాండాది."

ఇప్పుడు ఏ మార్పు చేసినా ముందు పాత జార్‌లతో నడిపి చూస్తాను. కొత్త కోడ్ రాయడం సార్ నాకు క్లాసులో నేర్పారు. పాతదాన్ని నమ్ముకుని పనిచేసుకుంటున్నవాళ్ళ చేయి వదలకూడదని మాత్రం ఆయన 'పాత మెథడ్ తీసేయాకు' అన్న ఆ ఫోన్‌లోనే నేర్చుకున్నాను.